కంటికి కానరాని దెబ్బ
(రగ్బీ ఆటగాడు జార్జ్ నార్త్ గాయములు)

వేల్సు దేశపు ముఖ్యపట్టణమైన కార్డిఫ్‌లో 2015 సం॥ ఫిబ్రవరి 6వ తేదీ రాత్రి వేల్సు, ఇంగ్లండు జట్లకు రగ్బీ పోటీ జరిగినది. ఆ ఆటలో వేల్సు ఆటగాడు జార్జ్ నార్త్ తలకు రెండు మారులు దెబ్బ తగిలినది. మొదటిమారు ప్రత్యర్థి కాలు పొరపాటున అతని తలకు తగిలెను. వైద్యులు అతనిని వెలుపలికి కొనిపోయి పరీక్షించి, సరిగానే ఉన్నాడని మరల ఆటకు పంపిరి. రెండవమారు, ఆట రెండవ భాగమున, తన పక్షపు ఆటగాని తలతోనే అతని తల ఢీకొన్నది. అతడు కూలిపోయెను. టెలివిజనులో చూచుచున్న వారికి అతడు స్పృహ తప్పినట్లు కనబడినది. మైదానమున నున్న వైద్యులకు మాత్రము ఆ దృశ్యము కనబడలేదు. అతడు లేచి ఆట కొనసాగించెను. అట్లు కొనసాగనీయకుండ ఉండవలసినదని అంతర్జాతీయ రగ్బీ సంస్థ తరువాత ప్రకటించినది.

ఇట్టిదే మరియొక దినము. 2019 సం॥ అక్టోబరు 27న జపానులోని యొకొహామాలో ప్రపంచకప్పు సెమీఫైనలు. వేల్సు, దక్షిణాఫ్రికాలకు పోటీ. మొదటి భాగము ముగియబోవు సమయమున పరుగెత్తుచున్న నార్త్ తొడ వెనుక కండరము పట్టివేసినది. అతని ఆట ఆనాటికి అంతటితో ముగిసినది. అతనికి ఏమైనదని ఎవరును ప్రశ్నింపవలసిన పని లేకపోయినది. పరుగే సమాధానము చెప్పినది.

ఈ రెండు గాయములలో మొదటిదే ప్రమాదకరమైనది. కాని ఆట ఆపించినది రెండవది. ఇట్లెందుకు జరిగినదో తెలిసికొనుటకు కొంత భౌతికశాస్త్రము, కొంత జీవరసాయనశాస్త్రము అవసరమగును.

ఆట, ఆటగాడు

రగ్బీ మన ప్రాంతమున అంతగా వాడుకలో లేని ఆట. ఒక్కొక్క పక్షమున పదునైదుగురు ఉందురు. బంతి గుండ్రముగా గాక దోసకాయవలె కోలగా ఉండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును, కాని చేతితో ముందునకు విసరరాదు. వెనుకకో ప్రక్కకో మాత్రమే అందింపవలెను. ప్రత్యర్థుల గీతను దాటి బంతిని నేలకు తాకించినచో దానిని 'ట్రై' అందురు. దానికి ఐదు పాయింట్లు. బంతి పట్టినవానిని చేతులతో చుట్టి నేల కూల్చుటకు 'టాకిల్' అని పేరు. కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టువారు చేయునదియు ఇదే. అయితే కబడ్డీలో పరుగు నాలుగడుగులు; రగ్బీలో ముప్పది నలుబది మీటర్లు పరుగెత్తి వచ్చినవానిని ఎదురుగా పరుగెత్తి వచ్చువాడు పట్టును.

మైదానపు రెండు అంచులలోను ఒక్కొక్కడు చొప్పున నిలుచు ఆటగాండ్రను 'వింగర్' అందురు. జట్టులో అందరికంటె వేగముగా పరుగెత్తగలవారిని ఈ స్థానమునకు ఎన్నుకొందురు. ఒకప్పుడు వీరు తేలిక శరీరము గలవారై ఉండెడివారు. ఇప్పుడట్లు కాదు. నార్త్ ఎత్తు 1.94 మీటర్లు, బరువు సుమారు 109 కిలోగ్రాములు.

అతడు 1992 సం॥ ఏప్రిల్ 13న ఇంగ్లండులోని కింగ్స్ లిన్ అను ఊరిలో పుట్టి, వేల్సు వాయవ్యమున నున్న ఆంగ్లెసీ ద్వీపమున పెరిగెను. వేల్సు భాష మాటాడును. 2010 నవంబరు 13న దక్షిణాఫ్రికాపై తొలిసారి దేశము తరఫున ఆడునాటికి అతని వయస్సు 18 సంవత్సరముల 214 దినములు. ఆ ఆటలోనే రెండు ట్రైలు సాధించెను. 2013లో బ్రిటిష్ ద్వీపముల నాలుగు దేశముల ఉమ్మడి జట్టగు 'లయన్స్' తో ఆస్ట్రేలియా వెళ్ళెను. బ్రిస్బేనులో జరిగిన మొదటి టెస్టున సుమారు అరువది మీటర్లు బంతితో పరుగెత్తి ట్రై చేసెను. మెల్‌బోర్నులో జరిగిన రెండవ టెస్టున తనను పట్టవచ్చిన ప్రత్యర్థిని, చేతిలోని బంతి విడువకుండ, భుజముపై నెత్తుకొని నాలుగడుగులు మోసికొనిపోయెను. ఆ దృశ్యమును రగ్బీ ప్రియులు నేటికిని చెప్పుకొందురు.

ఆ బలమే అతని గాయములకును మూలమని చెప్పవచ్చును. 109 కిలోగ్రాముల మనుష్యుడు సెకనుకు 9 మీటర్ల వేగముతో పోవుచున్నాడనుకొనుడు. అతని ద్రవ్యవేగము 981 కిలోగ్రాము-మీటర్లు/సెకను. గతిజశక్తి, అనగా ద్రవ్యరాశిని వేగవర్గముతో గుణించి సగము చేసినది, సుమారు 4,400 జౌళ్ళు. ఇది ఎంతో తెలియవలెనన్న, నూరు కిలోల బియ్యపు బస్తాను నాలుగున్నర మీటర్ల ఎత్తునుండి, అనగా డాబా పైనుండి, జారవిడిచినచో నేలను తాకునప్పటి శక్తికి సమానము. టాకిల్‌లో ఈ శక్తి అంతయు ఒకటి రెండు సెకనులలో ఇద్దరి శరీరములలోను, నేలలోను ఖర్చు కావలెను. చాలభాగము కండరములు సాగుటయందును, దొర్లుటయందును పోవును. ఎప్పుడైన ఒకప్పుడు దానిలో స్వల్పభాగము తలకు చేరును. సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవు తల సెకనులో నూరవవంతు కాలమున ఆగిపోయినచో, దాని త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు యాబది రెట్లగును.

పెరుగు గిన్నె

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. కపాలములో అది మస్తిష్క మేరుద్రవమున తేలుచుండును. ఆర్కిమిడీసు సూత్రమును బట్టి ఆ ద్రవములో దాని బరువు సుమారు 50 గ్రాములకు తగ్గిపోవును. చిన్న చిన్న తాకిడులకు ఇది చక్కని రక్షణ. కాని తేలియాడుటవలన బరువు తగ్గునే గాని ద్రవ్యరాశి తగ్గదు. జడత్వము పూర్తిగా ఉండనే ఉండును. కపాలము చటుక్కున కదలినప్పుడు మెదడు వెనుకబడును. కపాలము ఆగినప్పుడు మెదడు ముందునకు పోవును. ఇది న్యూటన్ మొదటి సూత్రమే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆక్స్‌ఫర్డులో ఈ విషయముపై ముఖ్యమైన పరిశోధనలు జరిగినవి. మోటారు సైకిళ్ళపై పోవు సైనికులు తల పగిలి మరణించుట హెచ్చుగా ఉండగా, హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు శిరస్త్రాణముల ఆవశ్యకతను నిరూపించెను. నేడు మన రోడ్లపై కనబడు హెల్మెట్టునకు ఆయన కృషియే పునాది. అదే చోట 1941లో డెన్నీ-బ్రౌన్, రసెల్ అను వైద్యులు జంతువులపై చేసిన ప్రయోగములలో ఒక విచిత్రమును గమనించిరి. తలను కదలకుండ బిగించి కొట్టినచో జంతువు అంత సులభముగా స్పృహ తప్పుట లేదు. అదే దెబ్బ కదలుటకు వీలున్న తలపై పడినచో వెంటనే స్పృహ తప్పుచున్నది. అనగా హాని చేయునది దెబ్బ కాదు, దెబ్బవలన తల పొందు త్వరణము.

1943లో హోల్‌బోర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనిని ఇంకను ముందునకు కొనిపోయెను. మెదడు నీటివలె నొక్కుటకు లొంగదు. దాని స్థూల గుణకము చాల ఎక్కువ. కాని ఆకారము మార్చుటకు అతి సులభముగా లొంగును. దాని దృఢతా గుణకము చాల తక్కువ. కనుక తల తిన్నగా ముందునకు పోయి ఆగుటకంటె, మెడపై గిర్రున తిరిగి ఆగుటయే మెదడు పొరలను ఒకదానిపై ఒకటి జార్చి హెచ్చు హాని చేయునని అతడు గణించెను. జెలటినుతో మెదడు నమూనాలను చేసి, వాటిని త్రిప్పి, ఎచ్చట వికృతి కలుగుచున్నదో చూపెను. ఒక భౌతికశాస్త్రజ్ఞుడు రోగిని ముట్టకుండ వైద్యమునకు చేసిన సహాయములలో ఇది మరువరానిది.

దీనిని తరగతిలో చూపుటకు జెలటిను అక్కరలేదు. గట్టిగా తోడుకొన్న పెరుగు గిన్నె చాలును. పెరుగుపై మధ్యనుండి అంచు వరకు పసుపుతో సన్నని గీత వేయవలెను. గిన్నెను బల్లపై తిన్నగా కొంచెము త్రోసి ఆపినచో గీత అంతగా చెదరదు. గిన్నెను రెండు చేతులతో పట్టి చటుక్కున గుండ్రముగా త్రిప్పి ఆపినచో, గిన్నె గోడ వద్ద పెరుగు చీలి, గీత వంకర తిరుగును. గిన్నెకు చిన్న సొట్టయైనను పడదు. కపాలము చిట్లకయే మెదడు గాయపడుట యనగా ఇదియే. రగ్బీ ఆటగాండ్రు కొందరు ధరించు మెత్తని టోపీ చెవులను, తలపై చర్మమును కాపాడును గాని ఈ తిరుగుడును ఆపలేదు.

ఈ విధముగా మెదడు పని తాత్కాలికముగా చెడుటను వైద్యులు 'కన్‌కషన్' అందురు. తెలుగున 'మెదడు అదురుట' అనవచ్చును. స్పృహ తప్పితీరవలెనని నియమము లేదు. చాలమంది స్పృహలోనే ఉందురు.

కణములో జరుగునది

మెదడులోని నాడీకణము నుండి పొడవైన అక్షతంతువు బయలుదేరి ఇతర కణములకు వార్తలను చేర్చుచుండును. కణమునకు లోపల పొటాసియం అయానులు, వెలుపల సోడియం, కాల్షియం అయానులు హెచ్చుగా ఉండును. ఈ తేడాయే నాడీవార్తకు ఆధారము. మెదడు అదిరినప్పుడు కణముల పైపొర, సన్నని అక్షతంతువులు సాగును. పొటాసియం వెలికి పోవును. కాల్షియం లోనికి వచ్చును. గ్లూటమేట్ అను రసాయనము విచ్చలవిడిగా వెలువడి ప్రక్క కణములను కూడ రెచ్చగొట్టును.

అయానులను మరల యథాస్థానమునకు చేర్చుటకు కణపు పొరలోని పంపులు నిర్విరామముగా పనిచేయవలెను. అందుకు శక్తి కావలెను. శక్తికి గ్లూకోజు కావలెను. సరిగా ఆ సమయముననే మెదడునకు వచ్చు రక్తప్రవాహము తగ్గును. లోనికి చొరబడిన కాల్షియం, శక్తిని ఉత్పత్తి చేయు మైటోకాండ్రియాలను అడ్డగించును. ఖర్చు పెరిగినది, రాబడి తగ్గినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలెస్ శాఖలో గిజా, హోవ్డా అను శాస్త్రజ్ఞులు 2001లో ఈ గొలుసు మార్పులను క్రోడీకరించి ప్రకటించిరి. మొదటి మార్పులు నిమిషములలో జరిగిపోవును. శక్తి లోటు మాత్రము దినముల తరబడి, కొందరిలో వారముల తరబడి ఉండును. బాలురలోను, యువకులలోను కోలుకొనుటకు పెద్దలకంటె హెచ్చుకాలము పట్టును.

ఎక్స్‌రేలో గాని, ఆస్పత్రులలో తీయు సి.టి. స్కానులో గాని ఇందులో ఏదియు సాధారణముగా కనబడదు. ఎముక విరుగలేదు, రక్తము గడ్డకట్టలేదు. చెడినది రసాయన సమతౌల్యము.

లోటులో నున్న ఈ దినములలో రెండవ దెబ్బ తగిలినచో ఏమగును? సామాన్యముగా లక్షణములు తీవ్రమై కోలుకొనుట ఆలస్యమగును. అరుదుగా, ముఖ్యముగా చిన్నవారిలో, మెదడు రక్తనాళముల అదుపు తప్పి మెదడు వాచిపోవును. 2011 జనవరిలో ఉత్తర ఐర్లండులో పదునాలుగేండ్ల విద్యార్థి ఒకడు పాఠశాల రగ్బీ పోటీలో తలకు దెబ్బలు తగిలినను ఆట కొనసాగించి మైదానముననే పడిపోయెను; ఆస్పత్రిలో మరణించెను. రెండవ దెబ్బ ప్రభావమే కారణమని 2013లో విచారణాధికారి తేల్చెను. ఆ తీర్పు తరువాతనే బ్రిటిష్ దీవులలోని పాఠశాలలు ఈ విషయమును తీవ్రముగా పట్టించుకొన మొదలిడినవి.

నార్త్ అనుభవము

ఇప్పుడు నార్త్ చరిత్రను తేదీల వారీగా చూచినచో దాని అర్థము బోధపడును. 2014 నవంబరులో న్యూజీలాండుతో ఆడుచు అతడు తలకు దెబ్బతిని, తరువాతి వారపు పోటీకి దూరమయ్యెను. 2015 ఫిబ్రవరి 6న కార్డిఫ్‌లో పైన చెప్పిన రెండు దెబ్బలు. స్కాట్లండుతో పోటీకి అతనిని ఆడనీయలేదు. నెలాఖరున మరల ఆడెను. మార్చి 21న రోములో ఇటలీపై పది నిమిషముల వ్యవధిలో మూడు ట్రైలు చేసెను. చూచినవారెవరును అతనికి లోపమున్నదని అనజాలరు. ఆరు దినముల తరువాత, మార్చి 27న, తన క్లబ్బైన నార్తాంప్టన్ తరఫున వాస్ప్స్ జట్టుపై ఆడుచు, ట్రై చేయుటకు నేలమీదికి దూకిన క్షణమున ప్రత్యర్థి మోకాలు అతని తలకు తగిలినది. స్పృహ తప్పిన నార్త్‌ను స్ట్రెచరుపై కొనిపోయిరి.

ఐదు నెలలలోపల ఇన్ని దెబ్బలు! నాడీవైద్యులు అతనికి దీర్ఘ విశ్రాంతి విధించిరి. ఆ ఏడాది ఆగస్టులో గాని అతడు మరల మైదానమున అడుగుపెట్టలేదు. ఇరువది మూడేండ్ల యువకుడు, దేశమునకు ప్రధాన ఆటగాడు, ఇక ఆడునా మానునా అని పత్రికలలో చర్చలు జరిగినవి. ఇన్ని నెలలు ఆపి ఉంచిన వైద్యులు ధైర్యవంతులే యనవలెను. నడచుచు, నవ్వుచు, మాటాడుచు ఉన్నవానిని "నీవు ఆడరాదు" అని నిలువరించుట కాలు విరిగినవానిని నిలువరించుట వంటిది కాదు.

ఇంత జరిగిన తరువాత కూడ 2016 డిసెంబరు 3న లెస్టరులో అదే పునరావృతమైనది. గాలిలోనికి ఎగిరి బంతి పట్టబోయిన నార్త్, ప్రత్యర్థి తాకిడికి తలక్రిందుగా నేలపై పడి కొంతసేపు కదలక ఉండెను. పరీక్ష చేసిరి, ఉత్తీర్ణుడయ్యెను, మరల ఆడెను. వీడియోను పరిశీలించిన నిపుణుల సంఘము, అతడు స్పృహ తప్పి ఉండవచ్చును గనుక ఆటకు పంపరాదని నిర్ణయించినది. అయితే క్లబ్బుపై శిక్ష ఏదియు వేయలేదు.

వైద్యులు నిర్లక్ష్యముగా ఉన్నారని ఒక్కమాటలో చెప్పివేయుట సులభము. కాని అసలు కష్టము వేరొకటి. కాలు ఎట్లున్నదో కాలు గలవానిని అడిగి తెలిసికొనవచ్చును. సమాధానము చెప్పునది మెదడు, అది బాగుగనే ఉన్నది. మెదడు ఎట్లున్నదని అడిగినప్పుడు గాయపడిన అవయవమే తన గూర్చి తాను సాక్ష్యము చెప్పవలసి వచ్చును. అదియునుగాక మెదడు కణజాలమునకు నొప్పి తెలియదు. అందుచేతనే శస్త్రవైద్యులు రోగి మెలకువగా ఉండగనే మెదడుపై పనిచేయగలుగుచున్నారు. నొప్పి అను హెచ్చరిక లేదు, ఆట ఉద్రేకమున అడ్రినలిన్ పొంగుచున్నది, ఎదుట వేలాది ప్రేక్షకులు. అట్టి స్థితిలో ఆటగాడు "నాకేమియు కాలేదు" అనుట అబద్ధము కాదు. అతనికి నిజముగనే అట్లు తోచును.

ఏమని అడుగవలెను?

పూర్వము ఆటగాని పేరేమి, నేడు ఏ వారము అని అడిగి, సరిగా చెప్పినచో పంపివేసెడివారు. ఆస్ట్రేలియాలో మాడక్స్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో 1995లో ప్రకటించిన పరిశోధన ఈ పద్ధతి లోపమును బయటపెట్టినది. మెదడు అదిరినవారు కూడ తమ పేరు, పుట్టిన తేదీ తడుముకొనకుండ చెప్పుదురు. అవి చిరకాలమునుండి స్థిరపడిన జ్ఞాపకములు. తడబడునది క్రొత్త జ్ఞాపకములయందు. కనుక మనమెచ్చట ఆడుచున్నాము, ఇది ఆటలో ఎన్నవ భాగము, చివర పాయింటు ఎవరు చేసిరి, పోయిన వారము ఎవరితో ఆడితిమి, గెలిచితిమా అని అడుగవలెను. ఇవి నేటికిని వాడుకలో ఉన్నవి.

రగ్బీలో 2012లో ఐదు నిమిషముల పరీక్షను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. ఐదు నిమిషములు చాలవని గ్రహించి, తరువాత పదింటికి పెంచిరి. ఆటగాడు ఆరోగ్యముగా ఉన్నప్పుడే అతని జ్ఞాపకశక్తిని, ఒంటికాలిపై నిలుచు సామర్థ్యము మున్నగు వాటిని కొలిచి ఉంచి, దెబ్బ తగిలిన తరువాత వచ్చిన ఫలితములను వాటితో పోల్చుదురు. కొన్ని పదములను చెప్పి మరల చెప్పుమనుట, అంకెలను వెనుకనుండి చెప్పించుట ఇందులోని భాగములు. లక్షణములు కొందరిలో మరునాటికి గాని బయటపడవు గనుక ఆట ముగిసిన తరువాత ఒకమారు, ఒకటిన్నర రెండు దినములకు మరియొకమారు పరీక్షింతురు. స్పృహ తప్పినట్లు, తూలినట్లు, అవయవములు బిగిసినట్లు స్పష్టముగా కనబడినచో అసలు పరీక్షయే లేదు. ఆటగాడు వెలుపలికి పోవలసినదే. 2015 ప్రపంచకప్పు నాటికి మైదానపు అంచున నుండు వైద్యులకు వీడియో మరల చూచు సౌకర్యము కల్పించిరి. కార్డిఫ్‌లో జరిగిన పొరపాటునకు ఇదియే సూటియైన సమాధానము.

ఇటీవలి సాధనము దంతకవచము. దంతములు పైదవడలో, పైదవడ కపాలమున గట్టిగా నాటుకొని ఉన్నవి. కనుక పండ్లకు తొడుగు రబ్బరు కవచములో త్వరణమును, భ్రమణమును కొలుచు సూక్ష్మ యంత్రముల నమర్చినచో తల కదలికను ఉన్నదున్నట్లు కొలువవచ్చును. నియమిత పరిమితిని దాటిన వెంటనే అది వైద్యునికి సంకేతము పంపును. 2024 నుండి అంతర్జాతీయ పోటీలలో ఇవి వాడుకలోనికి వచ్చినవి. హోల్‌బోర్న్ కాగితముపై గణించిన భ్రమణ త్వరణమును ఇప్పుడు ఆటగాని నోటిలోనే కొలుచుచున్నారు. అయితే ఇది తల ఎంత కదలినదో చెప్పును గాని, మెదడునకు ఏమైనదో చెప్పదు. ఒకే తాకిడికి ఒకడు చలింపడు, మరియొకడు తూలిపోవును.

దెబ్బలను తగ్గించుటకు ఆట నియమములను కూడ మార్చుచున్నారు. తల దెబ్బలలో ఎక్కువ భాగము టాకిల్‌లోనే తగులును. అందును పట్టబడినవానికంటె పట్టువానికే హెచ్చు. పట్టువాడు నడుము వంచక నిలువుగా వచ్చినచో ఇద్దరి తలలు ఒకే ఎత్తున ఉండును. అందుచే ఇంగ్లండులో సామాన్య క్లబ్బుల ఆటలో 2023 నుండి రొమ్ముటెముక క్రింది భాగమునకు పైన పట్టరాదని నియమము చేసిరి.

మాటాడు గాయములు

నార్త్ తక్కిన గాయములు ఇంత తికమక పెట్టునవి కావు. తొడ వెనుక కండరములలో చాలభాగము తుంటిని, మోకాలిని రెండింటిని దాటి పోవును. వేగముగా పరుగెత్తునప్పుడు ముందునకు విసరిన కాలు నేలను తాకుటకు కొంచెము ముందు, ఆ కండరము ఒకవంక సాగుచునే మరియొకవంక కాలిని ఆపవలసి యుండును. సాగుచు బలము చేయు కండరము చిరుగుటకు అవకాశమెక్కువ. యొకొహామాలో జరిగినది అదే.

2021 ఫిబ్రవరి 27న కార్డిఫ్‌లో ఇంగ్లండుపై అతడు దేశము తరఫున నూరవ ఆట ఆడెను. వయస్సు 28 ఏండ్ల 320 దినములు. అంత చిన్నవయస్సున నూరు ఆటలు ఆడినవారు అంతకు పూర్వము లేరు. రెండు నెలలైన గడువకముందే ఏప్రిలులో, తన క్లబ్బు ఆస్ప్రీస్ తరఫున ఆడుచుండగా, మోకాలిలో తొడయెముకను, ముంగాలి ఎముకను కలిపి ఉంచు అడ్డబంధనము తెగినది. ఈ బంధనమునకు రక్తప్రసారము తక్కువ. తెగినచో తానై అతుకుకొనదు. శస్త్రచికిత్స చేసి శరీరములోని మరియొక స్నాయువును దాని స్థానమున అమర్చుదురు. ఆ ఏటి లయన్స్ పర్యటన అతనికి తప్పిపోయినది. 2022 జులై వరకు దేశమునకు మరల ఆడలేదు. అతడు అంచునుండి జట్టు మధ్యస్థానమునకు కూడ మారెను.

2024 మార్చి 16న ఇటలీతో కార్డిఫ్‌లో ఆడినది దేశము తరఫున అతని 121వ ఆట, చివరి ఆట. ముందుగనే ఆ సంగతి ప్రకటించి ఉండెను. ఆనాడు కూడ మడమ వెనుక స్నాయువునకు దెబ్బ తగిలి, ఆట ముగియకముందే కుంటుచు వెలుపలికి రావలసివచ్చెను. వేల్సు తరఫున అతని ట్రైలు 47. ఆ దేశపు ఆటగాండ్రలో షేన్ విలియమ్స్ ఒక్కడే అంతకు మించి చేసెను. తరువాత నార్త్ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ క్లబ్బునకు ఆడ వెళ్ళెను.

మడమ, మోకాలు, తొడ - వీటి లెక్క అప్పటికప్పుడు తేలిపోవును. తల దెబ్బల లెక్క ఎప్పుడు తేలునో చెప్పుట కష్టము. 2003లో ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండు జట్టు సభ్యుడు స్టీవ్ థామ్సన్, నలుబదియేండ్ల ప్రాయముననే తనకు మతిమరపు వ్యాధి వచ్చినదనియు, ఆ విజయము తనకు జ్ఞాపకమే లేదనియు 2020లో వెల్లడించెను. ఏటేట తగులు చిన్న దెబ్బల మొత్తమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. నార్త్ తల పరీక్షలలో అట్టి చిహ్నము లున్నవని ఎవరును చెప్పలేదు.

పాఠశాలలో

పాఠశాల మైదానమున వీడియో ఉండదు, దంతకవచ యంత్రము ఉండదు, వైద్యుడును ఉండడు. కబడ్డీ పట్టులో మోకాలు తలకు తగులవచ్చును, ఫుట్‌బాలులో రెండు తలలు ఢీకొనవచ్చును, సైకిలుపైనుండి పడవచ్చును. కనిపెట్టవలసినవాడు ఉపాధ్యాయుడే. స్కాట్లండు 2015లో అన్ని ఆటలకు కలిపి ఒకే నియమావళిని ప్రకటించినది: అనుమానము కలిగినచో కూర్చుండబెట్టవలెను. బ్రిటిష్ ప్రభుత్వము 2023 ఏప్రిలులో సామాన్య క్రీడాకారులకు ఇచ్చిన సూచనలు కూడ ఇట్టివే. దెబ్బ తగిలిన బాలుడు శూన్యముగా చూచుట, అడిగినదే మరల అడుగుట, తూలుట, వెలుతురు చూడలేకుండుట, తలనొప్పి యనుట, అకారణముగా ఏడ్చుట లేక విసుగుకొనుట కనబడినచో ఆనాడు మరల ఆడనీయరాదు. వాంతులు మరల మరల అగుట, మత్తు పెరుగుట, మూర్ఛ, కాలుసేతులు పట్టుతప్పుట కనబడినచో వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. మొదటి దినము ఒంటరిగా విడువరాదు. దెబ్బ తగిలిన నాటినుండి కనీసము 21 దినములు గడచు వరకు పోటీలలో దింపరాదని ఆ సూచనలలో కలదు.

బాలుడు ఆటకంటె ముందు చదువునకు మరలవలెనని కూడ వైద్యులు చెప్పుదురు. ఒకటి రెండు దినముల విశ్రాంతి తరువాత కొద్దికొద్దిగా చదువు, నడక. తలనొప్పి హెచ్చినచో ఒక మెట్టు వెనుకకు. చీకటిగదిలో వారముల తరబడి పరుండబెట్టు పాత పద్ధతిని నేడు విడిచిపెట్టిరి. ఆ దినములలో లెక్కలు సరిగా చేయలేకపోయిన పిల్లవానిని సోమరియని మందలింపక, తలకు ఎప్పుడైన దెబ్బ తగిలినదేమో అడుగవలెను. అతడు లేదనినచో, ఆటలో ప్రక్కన నున్న పిల్లలను కూడ అడుగవలెను.